ఫైల్లో మార్చాం, డేటాబేస్‌లో మారలేదు

క్లౌడ్ డేటాబేస్ సెట్టింగుల ఆటోమేషన్‌పై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల ప్రశ్నలన్నీ దాదాపు ఒకే జత పనిముట్ల చుట్టూ ఉన్నాయి: అమెజాన్ ఆర్‌డీఎస్ (డేటాబేస్‌లను క్లౌడ్‌లో నడిపిపెట్టే సేవ)లో నడిచే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, దాని సెట్టింగులను ఫైళ్లలో రాసి అమలు చేసే టెర్రాఫామ్. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాం. టెర్రాఫామ్‌లో 'ప్లాన్' ఏం మారబోతోందో ముందే చూపిస్తుంది, 'అప్లై' ఆ మార్పు చేస్తుంది, 'స్టేట్' అనేది తను చేసినవి గుర్తుంచుకునే ఫైలు. పారామీటర్ అంటే ఒక సెట్టింగు, పారామీటర్ గ్రూప్ అంటే డేటాబేస్‌కి తగిలించే ఆ సెట్టింగుల జాబితా. పారామీటర్ల పేర్లు తెలుగులోనే రాస్తున్నాం. పేరులో మాటల మధ్య ఖాళీ ఉన్న చోట ఫైల్లో అండర్‌స్కోర్ పెట్టుకోండి.

ప్రశ్న: మా డేటాబేస్ 8 జీబీ మెమరీ ఉన్న ఇన్‌స్టెన్స్ (క్లౌడ్‌లో డేటాబేస్ నడిచే యంత్రం) మీద నడుస్తోంది. కనెక్షన్లు విపరీతంగా తెరుచుకుంటున్నాయని కొత్త పారామీటర్ గ్రూప్‌లో మ్యాక్స్ కనెక్షన్స్ 300 అని పెట్టాం. మొదట ఎర్రర్ వచ్చింది. అప్లై మెథడ్‌ను 'పెండింగ్ రీబూట్' చేశాక 'అప్లై కంప్లీట్' అంది. పది రోజులైంది, ఒక మెయింటెనెన్స్ విండో కూడా దాటింది. డేటాబేస్‌ని అడిగితే మాత్రం ఇంకా ఎనిమిది వందల పైచిలుకే చూపిస్తోంది. అదే రోజు రిపోర్టులు వేగంగా రావాలని వర్క్ మెమ్ 64 పెట్టాం. అవి వేగం పెరగకపోగా ఇంకా నెమ్మదించాయి. ఎక్కడ తప్పు చేశాం?
(విజయవాడ నుంచి ఒక డెవలపర్)

జవాబు: మీ ఫైల్లో ఉన్నది ఒకటి, అమెజాన్ దగ్గర పారామీటర్ గ్రూప్‌లో ఉన్నది ఒకటి, నడుస్తున్న పోస్ట్‌గ్రెస్ మెమరీలో ఉన్నది ఇంకొకటి. టెర్రాఫామ్ పూచీ మొదటి రెండింటికే. గ్రూప్‌లో విలువ చేరగానే దాని దృష్టిలో పని అయిపోయింది, అందుకే 'కంప్లీట్' అంది. మూడోది మారిందో లేదో మీరే చూసుకోవాలి.

పోస్ట్‌గ్రెస్ పారామీటర్లలో కొన్ని నడుస్తుండగానే మారతాయి, కొన్ని సర్వర్ మళ్లీ మొదలైతేనే మారతాయి. మ్యాక్స్ కనెక్షన్స్, షేర్డ్ బఫర్స్ (అన్ని కనెక్షన్లూ ఉమ్మడిగా వాడే డేటా మెమరీ), షేర్డ్ ప్రీలోడ్ లైబ్రరీస్ రెండో రకం. వీటికి అప్లై మెథడ్ 'ఇమీడియట్' అని రాస్తే అమెజాన్ ఒప్పుకోదు. మీకు మొదట వచ్చిన ఎర్రర్ అదే. ఏది ఏ రకమో కంఠస్థం చేయనక్కర్లేదు. పీజీ సెట్టింగ్స్ అనే వ్యూలో 'కాంటెక్స్ట్' కాలమ్ చూడండి. అక్కడ 'పోస్ట్‌మాస్టర్' అని ఉంటే రీస్టార్ట్ తప్పదు. 'సిగ్‌హప్', 'యూజర్', 'సూపర్‌యూజర్' అని ఉంటే రీబూట్ అక్కర్లేదు.

మెయింటెనెన్స్ విండో దాటినా మారకపోవడానికి కారణం ఉంది. పెండింగ్ రీబూట్‌లో ఉన్న పారామీటర్ కోసం ఆర్‌డీఎస్ తనంతట తాను రీబూట్ చేయదు. ఆ విండోలో వేరే పని ఏదైనా వచ్చి సర్వర్ రీస్టార్ట్ అయితేనే మీ మార్పు కూడా దానితో పాటు అమలవుతుంది. ఫైల్లో 'అప్లై ఇమీడియట్లీ' అని రాసుకున్నంత మాత్రాన కూడా ఈ రీబూట్ జరగదు. ఇన్‌స్టెన్స్ వివరాల్లో పారామీటర్ గ్రూప్ పక్కన ఉండే స్థితిని చూస్తే 'పెండింగ్ రీబూట్' అని ఉంటుంది. రద్దీ లేని వేళ చూసుకుని మీరే రీబూట్ చేయాలి. తర్వాత అక్కడ 'ఇన్ సింక్' అని రావాలి. ఇన్‌స్టెన్స్‌కి పాత గ్రూప్ తీసేసి కొత్త గ్రూప్ తగిలించినప్పుడూ ఇదే తీరు: ఒక్క రీబూట్ పడేదాకా కొత్త గ్రూప్‌లోని స్టాటిక్ (రీస్టార్ట్ కావాల్సిన రకం) విలువలేవీ లెక్కలోకి రావు.

ఆ ఎనిమిది వందల పైచిలుకు ఎక్కడిదంటే, ఆర్‌డీఎస్ డిఫాల్ట్ సూత్రం ఇన్‌స్టెన్స్ మెమరీని బైట్లలో తీసుకుని 95,31,392తో భాగిస్తుంది, 5,000 దాటనివ్వదు. నికరంగా 8 జీబీ అయితే 901 రావాలి. ఆపరేటింగ్ సిస్టమ్‌కీ, ఆర్‌డీఎస్ సొంత పనులకీ కొంత మెమరీ పోతుంది కాబట్టి లెక్క అంతకంటే తగ్గుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి కనెక్షన్ ఒక ప్రత్యేక ప్రాసెస్, అందువల్ల మీరు 300కి దించడం సరైన ఆలోచనే. ఒక్క జాగ్రత్త: రీడ్ రెప్లికా (చదవడానికి మాత్రమే ఉంచే నకలు) ఉంటే దాని మ్యాక్స్ కనెక్షన్స్ ప్రైమరీ (అసలు డేటాబేస్) కంటే తక్కువ ఉండకూడదు. తగ్గించేటప్పుడు ముందు ప్రైమరీని, పెంచేటప్పుడు ముందు రెప్లికాను మార్చండి. వరస తప్పితే రెప్లికాలో రెప్లికేషన్ ఆగిపోతుంది.

ఇక వర్క్ మెమ్, అంటే సార్టింగ్ లాంటి ఒక్కో పని వాడుకోగల మెమరీ. '64 ఎంబీ' అని రాస్తే ఆర్‌డీఎస్ పారామీటర్ గ్రూప్ తీసుకోదు, దానికి ఉత్త అంకె కావాలి. అందుకని చాలామంది ఎంబీ తీసేసి 64 అని పెడతారు. ఆ అంకెకు యూనిట్ కిలోబైట్. పోస్ట్‌గ్రెస్‌లో వర్క్ మెమ్‌కి కనీస హద్దు సరిగ్గా 64 కిలోబైట్లు, కాబట్టి ఎర్రర్ కూడా రాదు. డిఫాల్ట్‌గా ఉన్న 4 ఎంబీని మీరు అరవై నాలుగో వంతుకు దించేశారు. ప్రతి సార్టింగూ డిస్క్ మీదికి పోతోంది.

అలాగని అందరికీ 65,536 పెట్టకండి. 300 కనెక్షన్లు ఒక్కో సార్ట్‌కి 64 ఎంబీ చొప్పున తీసుకుంటే 19,200 ఎంబీ అవుతుంది. మీ యంత్రంలో ఉన్నది 8 జీబీ, అందులో నాలుగో వంతు షేర్డ్ బఫర్స్‌కే పోయింది. పైగా ఒకే క్వెరీలో రెండు మూడు సార్ట్‌లు ఉండొచ్చు. 15వ వెర్షన్ నుంచి హాష్ పనులు డిఫాల్ట్‌గా దానికి రెట్టింపు తీసుకోగలవు. గ్రూప్‌లో 8,192 (అంటే 8 ఎంబీ) ఉంచండి. రిపోర్టుల యూజర్ ఒక్కడికి ఆల్టర్ రోల్ సెట్‌తో 64 ఎంబీ ఇవ్వండి. అక్కడ మాత్రం 'ఎంబీ' అని కొటేషన్లలో రాయొచ్చు. లాగ్ టెంప్ ఫైల్స్‌ను 10,240 చేస్తే 10 ఎంబీ మించి డిస్క్ మీదికి పోయిన ప్రతి సందర్భమూ లాగ్‌లో పడుతుంది, ఇంకా పెంచాలో వద్దో అదే చెబుతుంది.

యూనిట్లు ఒక్కోదానికి ఒక్కో రకం. షేర్డ్ బఫర్స్‌కి 8 కిలోబైట్ల బ్లాకులు. 2 జీబీ కావాలంటే 2,62,144 అని రాయాలి. స్టేట్‌మెంట్ టైమౌట్, లాగ్ మిన్ డ్యురేషన్ స్టేట్‌మెంట్ మిల్లీసెకండ్లలో. 30 అని రాస్తే ముప్ఫై సెకన్లు కాదు, కన్ను ఆర్పేలోపు క్వెరీ తెగిపోతుంది. ఫైల్లో ప్రతి విలువ పక్కన కామెంట్‌గా యూనిట్ రాసే అలవాటు చేసుకోండి. అప్లై అయ్యాక పీజీ సెట్టింగ్స్‌లో 'సెట్టింగ్', 'యూనిట్', 'సోర్స్' మూడూ చూడండి. 'సోర్స్' దగ్గర 'యూజర్' అనో 'డేటాబేస్' అనో ఉంటే, ఎవరో ఎప్పుడో ఆల్టర్ రోల్‌తోనో ఆల్టర్ డేటాబేస్‌తోనో పెట్టిన విలువ మీ గ్రూప్ విలువను కప్పేస్తోందని అర్థం. దాన్ని పసిగట్టే దారి టెర్రాఫామ్‌కి లేదు.

ప్రశ్న: బ్యాకప్ విండో '02:00-02:30' అని రాశాం. తెల్లవారుజామున కావాల్సిన బ్యాకప్ పొద్దున ఏడున్నరకు, సరిగ్గా మా వినియోగదారులు లాగిన్ అయ్యే వేళకి మొదలవుతోంది.
(హైదరాబాద్)

జవాబు: ఆర్‌డీఎస్‌లో విండోలన్నీ యూటీసీ కాలమానంలో ఉంటాయి. మన సమయంలోంచి ఐదున్నర గంటలు తీసేసి రాయాలి. మన రాత్రి 2:00 నుంచి 2:30 కావాలంటే '20:30-21:00' అని పెట్టండి.

మెయింటెనెన్స్ విండో దగ్గర రోజు కూడా వెనక్కి పోతుంది, ఎక్కువమంది పొరబడేది అక్కడే. మన ఆదివారం తెల్లవారుజామున 3 నుంచి 4 గంటలు అంటే యూటీసీలో శనివారం 21:30 నుంచి 22:30. 'సన్' (ఆదివారం) అని రాస్తే సోమవారం తెల్లవారుజామున, వారం మొదలయ్యే ముందు, పని పడుతుంది. రెండు విండోలూ ఒకదాని మీద ఒకటి పడకూడదు, ఏదీ 30 నిమిషాల కంటే తక్కువ ఉండకూడదు. మీది ఒకే జోన్‌లో నడిచే ఇన్‌స్టెన్స్ అయితే బ్యాకప్ మొదలయ్యేటప్పుడు డిస్క్ కొద్దిసేపు ఆగుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో మల్టీ ఏజెడ్ (వేరే జోన్‌లో స్టాండ్‌బై ఉంచే ఏర్పాటు) ఉంటే బ్యాకప్ స్టాండ్‌బై నుంచి తీస్తారు.

ప్రశ్న: మేం టెర్రాఫామ్‌తో పెట్టుకున్న సెట్టింగులను ఎవరో ఒకరు కన్సోల్‌లో మార్చేస్తున్నారు. కొన్నిసార్లు ఎవరూ ముట్టుకోకపోయినా ప్లాన్‌లో మార్పులు కనిపిస్తున్నాయి. వాటన్నిటినీ 'ఇగ్నోర్ చేంజెస్' (టెర్రాఫామ్ పట్టించుకోకూడని పేర్ల జాబితా)లో పడేయమంటున్నారు. మంచిదేనా?
(విశాఖపట్నం నుంచి ఒక సిస్టమ్ అడ్మిన్)

జవాబు: మంచిది కాదు. ఇగ్నోర్ చేంజెస్‌లో వేసిన ప్రతి పేరూ మీరు కళ్లు మూసుకున్న ఒక కిటికీ. తేడా ఎందుకు వస్తోందో కనుక్కుంటే దాదాపు అన్నిటికీ సరైన మందు వేరే ఉంటుంది.

ఎవరూ ముట్టుకోకుండా వచ్చే తేడాలు మూడు రకాలుగా ఎక్కువగా కనిపిస్తాయి. మొదటిది వెర్షన్. ఫైల్లో '16.3' అని ఉంటుంది, ఆటో మైనర్ వెర్షన్ అప్‌గ్రేడ్ ఆన్‌లో ఉంటుంది. ఆర్‌డీఎస్ తన విండోలో 16.4కి తీసుకెళ్తుంది. మర్నాడు ప్లాన్ మళ్లీ 16.3కి దించుతానంటుంది. ఆర్‌డీఎస్‌లో వెర్షన్ వెనక్కి దించడం కుదరదు. ఫైల్లో '16' అని మాత్రమే రాయండి, తగువు తీరిపోతుంది. రెండోది స్టోరేజీ. ఆటోస్కేలింగ్ వల్ల 100 జీబీ కాస్తా పెరిగితే ఫైల్లోని 100తో పొసగదు. మ్యాక్స్ అలొకేటెడ్ స్టోరేజ్ అని పై హద్దు రాస్తే టెర్రాఫామ్ ఆ తేడాను తనంతట తనే వదిలేస్తుంది. ఆర్‌డీఎస్‌లో ఉన్న ఇన్‌స్టెన్స్ స్టోరేజీని నేరుగా పెంచగలమే కానీ తగ్గించలేం, కాబట్టి పై హద్దు ఆలోచించి పెట్టండి. మూడోది కాస్త విచిత్రం: పారామీటర్ విలువ అదే ఉంచి అప్లై మెథడ్ ఒక్కటే 'ఇమీడియట్' నుంచి 'పెండింగ్ రీబూట్'కి మారిస్తే అమెజాన్ ఏపీఐ దాన్ని మార్పుగా నమోదు చేయదు. ప్రతి ప్లాన్‌లోనూ ఆ తేడా తిరిగి వస్తూనే ఉంటుంది. విలువా మెథడూ ఒకేసారి మార్చాలి, లేదా మెథడ్‌ను పాతదానికే తిప్పేయాలి.

మనుషులు చేసే తేడాలకి మందు అనుమతుల్లో ఉంది. రోజువారీ ఖాతాలకి ఆర్‌డీఎస్ చూసే హక్కు మాత్రమే ఇవ్వండి. మార్చే హక్కు పైప్‌లైన్ (టెర్రాఫామ్‌ను ఆటోమేటిక్‌గా నడిపే వ్యవస్థ) వాడే రోల్‌కి ఇవ్వండి. అర్ధరాత్రి అత్యవసరానికి ఇంకో రోల్ విడిగా ఉంచుకోండి. దాన్ని వాడినవాళ్లు మర్నాడు అదే మార్పు ఫైల్లోకి తేవాలి. లేకపోతే ఆ తర్వాత ఎవరు అప్లై చేసినా రాత్రి పెట్టిన విలువ తుడిచిపెట్టుకుపోతుంది, ఎందుకు పోయిందో ఎవరికీ తెలియదు.

రోజూ రాత్రి ఒకసారి టెర్రాఫామ్ ప్లాన్‌ను డీటెయిల్డ్ ఎగ్జిట్‌కోడ్ అనే ఆప్షన్‌తో నడపండి. 0 వస్తే తేడా లేదు. 2 వస్తే తేడా ఉంది. 1 వస్తే తనిఖీయే జరగలేదు. టోకెన్ కాలం తీరిపోయుండొచ్చు, నెట్‌వర్క్ అందకపోయుండొచ్చు. ఈ 1నీ 2నీ ఒకే రకం హెచ్చరికగా పంపకండి. రోజూ 1 వస్తుంటే జనం ఆ మెయిల్ చూడటం మానేస్తారు, నిజంగా 2 వచ్చిన రోజు అదీ చూడరు.

కన్సోల్‌లో పుట్టిన పాత డేటాబేస్‌ను ఫైల్లోకి తేవాలంటే 1.5 వెర్షన్ నుంచి ఇంపోర్ట్ బ్లాక్ ఉంది, ఫైల్ ముసాయిదా కూడా అదే రాసిపెడుతుంది. ఆ ముసాయిదాలో అనవసరమైన పంక్తులు, ఒకదానికొకటి పొసగనివి ఉంటాయి. కత్తిరించుకుంటూ పోయి, ప్లాన్‌లో ఒక్క మార్పు కూడా చూపించని స్థితి వచ్చేదాకా అప్లై జోలికి పోకండి.

ప్రశ్న: ప్లాన్‌లో మా ప్రొడక్షన్ డేటాబేస్ పక్కన 'మస్ట్ బి రీప్లేస్డ్' అని వచ్చింది. ఎన్‌క్రిప్షన్ లేదని ఆడిటర్లు చెబితే స్టోరేజ్ ఎన్‌క్రిప్టెడ్ ట్రూ చేశాం, అంతే. ఎస్ అనొచ్చా?
(వరంగల్)

జవాబు: అనకండి. ఆ మాటకి అర్థం ఇప్పుడున్న డేటాబేస్‌ను చెరిపి, అదే పేరుతో ఖాళీది తయారుచేయడం. ప్లాన్‌లో మైనస్, స్లాష్, ప్లస్ కలిసి కనిపించే గుర్తు అదే. పక్కనే 'ఫోర్సెస్ రీప్లేస్‌మెంట్' అని ఏ పంక్తి దగ్గర ఉందో చూస్తే కారణం తెలుస్తుంది. ఎన్‌క్రిప్షన్ ఒక్కటే కాదు, డీబీ నేమ్ మార్చినా, మాస్టర్ యూజర్‌నేమ్ మార్చినా ఇదే జరుగుతుంది. టైపింగ్ తప్పు సరిదిద్దుదామని డీబీ నేమ్‌లో ఒక్క అక్షరం ముట్టుకున్నా అంతే.

ఎన్‌క్రిప్షన్ లేని ఇన్‌స్టెన్స్‌కి నేరుగా ఎన్‌క్రిప్షన్ తగిలించే వీలు ఆర్‌డీఎస్‌లో లేదు. దారి ఇలా ఉంటుంది. ముందు అప్లికేషన్ నుంచి రాతలు ఆపండి. స్నాప్‌షాట్ తీయండి. దాన్ని కేఎంఎస్ (అమెజాన్ ఎన్‌క్రిప్షన్ కీల సేవ) కీ ఇచ్చి కాపీ చేయండి; ఆ కాపీ ఎన్‌క్రిప్ట్ అయి వస్తుంది. కాపీ నుంచి కొత్త ఇన్‌స్టెన్స్‌ను రీస్టోర్ చేయండి. రీస్టోర్ చేసేటప్పుడు సబ్‌నెట్ గ్రూప్, సెక్యూరిటీ గ్రూప్, పారామీటర్ గ్రూప్ మూడూ మీరే పేర్కొనండి. మర్చిపోతే డిఫాల్ట్‌వి తగులుకుంటాయి, అప్లికేషన్ కనెక్ట్ కాదు. పాత ఇన్‌స్టెన్స్ పేరు చివర 'ఓల్డ్' అని మార్చి, కొత్తదానికి అసలు పేరు ఇస్తే ఎండ్‌పాయింట్ చిరునామా యథాతథంగా ఉంటుంది. ఆఖరున టెర్రాఫామ్ స్టేట్ నుంచి పాతదాన్ని 'స్టేట్ ఆర్‌ఎం'తో తప్పించి కొత్తదాన్ని ఇంపోర్ట్ చేయండి. స్టేట్ ఆర్‌ఎం నిజమైన డేటాబేస్‌ను ముట్టుకోదు, టెర్రాఫామ్ జ్ఞాపకంలోంచి మాత్రమే తీసేస్తుంది. ప్లాన్ ఖాళీగా వస్తేనే పని అయినట్టు. పాతదాన్ని వారం పాటు ఆపి ఉంచుకుని తర్వాత తీసేయండి. ఆపిన ఇన్‌స్టెన్స్‌ను ఏడు రోజుల తర్వాత ఆర్‌డీఎస్ తనే మళ్లీ మొదలుపెడుతుందని గుర్తుంచుకోండి.

రీస్టోర్ అయిన డేటాబేస్ మొదట్లో నెమ్మదిగా ఉంటుంది. డేటా బ్లాకులు అడిగినప్పుడల్లా ఎస్3 (అమెజాన్ ఫైళ్ల నిల్వ సేవ) నుంచి దిగుతుంటాయి. పెద్ద టేబుళ్లను ఒకసారి పూర్తిగా చదివించి ఆ తర్వాత జనాన్ని వదలండి.

ఇంకోసారి ఇలాంటిది చేయి జారకుండా డిలీషన్ ప్రొటెక్షన్ ట్రూ పెట్టండి. ఇది అమెజాన్ వైపు తాళం, కన్సోల్ నుంచి చెరపబోయినా ఆపుతుంది. లైఫ్‌సైకిల్‌లో ప్రివెంట్ డిస్ట్రాయ్ అనేది టెర్రాఫామ్ వైపు తాళం. దానికో లొసుగుంది: ఎవరైనా ఆ రిసోర్స్ బ్లాక్ మొత్తాన్నే ఫైల్లోంచి తీసేస్తే తాళమూ దానితోనే పోతుంది. అందుకని రెండూ ఉండాలి. స్కిప్ ఫైనల్ స్నాప్‌షాట్ ఫాల్స్‌గానే ఉంచండి. ఇన్‌స్టెన్స్ చెరిపినప్పుడు ఆటోమేటెడ్ బ్యాకప్‌లు కూడా డిఫాల్ట్‌గా చెరిగిపోతాయి, మీరు విడిగా తీసుకున్న స్నాప్‌షాట్లు కాక ఆ ఫైనల్ స్నాప్‌షాట్ ఒక్కటే మిగిలేది.

ప్రశ్న: మాస్టర్ పాస్‌వర్డ్‌ను వేరియబుల్‌గా పెట్టి 'సెన్సిటివ్' అని గుర్తు వేశాం. ఇంతకీ అది భద్రంగా ఉన్నట్టేనా?
(గుంటూరు)

జవాబు: లేనట్టే. సెన్సిటివ్ గుర్తు తెర మీద కనిపించకుండా చేస్తుంది, అంతవరకే. స్టేట్ ఫైల్ తెరిచి చూస్తే పాస్‌వర్డ్ అక్షరం అక్షరం కనిపిస్తుంది. ఆ ఫైల్ చదవగలిగిన ప్రతివాళ్లకీ మీ డేటాబేస్ తాళం చెవి ఇచ్చినట్టే.

పాస్‌వర్డ్ పంక్తి తీసేసి, మేనేజ్ మాస్టర్ యూజర్ పాస్‌వర్డ్ ట్రూ అని పెట్టండి. అప్పుడు ఆర్‌డీఎస్ తనే పాస్‌వర్డ్ తయారుచేసి సీక్రెట్స్ మేనేజర్‌లో దాస్తుంది, స్టేట్‌లో దాని చిరునామా మాత్రమే ఉంటుంది. ఒక్కో సీక్రెట్‌కి నెలకు 0.40 డాలర్ల ఖర్చు. డిఫాల్ట్‌గా ఏడు రోజులకోసారి పాస్‌వర్డ్ మారుతుంది. ఇక్కడే చిక్కొస్తుంది. అప్లికేషన్ మొదలయ్యేటప్పుడు ఒక్కసారి పాస్‌వర్డ్ చదివి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టుకుంటే, వారం తిరిగేసరికి కొత్త కనెక్షన్లన్నీ 'పాస్‌వర్డ్ అథెంటికేషన్ ఫెయిల్డ్' అంటాయి. పాత కనెక్షన్లు బతికే ఉంటాయి కాబట్టి సగం పని జరుగుతూ సగం జరగకుండా కారణం అంతుచిక్కదు. అసలు అప్లికేషన్ మాస్టర్ యూజర్‌తో కనెక్ట్ కాకూడదు. దానికి వేరే యూజర్‌ను ఇవ్వండి.

సీక్రెట్స్ మేనేజర్ వద్దనుకుంటే, టెర్రాఫామ్ 1.11 నుంచి స్టేట్‌లో నిలవని 'రైట్ ఓన్లీ' విలువలు ఉన్నాయి. ఓపెన్‌టోఫు (టెర్రాఫామ్ నుంచి చీలిన ఓపెన్ సోర్స్ పనిముట్టు) వాడేవారికి 1.7 నుంచి స్టేట్ ఫైల్‌నే ఎన్‌క్రిప్ట్ చేసుకునే వీలుంది. ఏ దారిలో వెళ్లినా, ఇప్పటిదాకా స్టేట్‌లోనూ గిట్‌లోనూ పడిన పాత పాస్‌వర్డ్‌ను వెంటనే మార్చేయండి. గిట్ చరిత్రలోంచి పంక్తి తుడిచినంత మాత్రాన సరిపోదు, అప్పటికే కాపీ చేసుకున్నవారి దగ్గర అది అలాగే ఉంటుంది.

ప్రశ్న: పోస్ట్‌గ్రెస్ 13 నుంచి 16కి వెళ్లాలి. వెర్షన్ మార్చి, పారామీటర్ గ్రూప్ ఫ్యామిలీ మార్చి అప్లై చేస్తే పాత గ్రూప్‌ను చెరపలేక టెర్రాఫామ్ ఆగిపోయింది.
(డల్లాస్‌లో ఉంటున్న ఒక పాఠకురాలు)

జవాబు: పారామీటర్ గ్రూప్ ఒక ఫ్యామిలీకి (అంటే ఒక మేజర్ వెర్షన్‌కి) కట్టుబడి ఉంటుంది, దాన్ని మార్చడమంటే గ్రూప్‌ను చెరిపి కొత్తది చేయడం. టెర్రాఫామ్ సహజ వరస ముందు చెరపడం, తర్వాత చేయడం. పాత గ్రూప్‌ను డేటాబేస్ ఇంకా వాడుతోంది కాబట్టి అమెజాన్ చెరపనివ్వదు. లైఫ్‌సైకిల్‌లో క్రియేట్ బిఫోర్ డిస్ట్రాయ్ ట్రూ పెట్టండి. రెండు గ్రూపులూ కాసేపు పక్కపక్కన ఉండాలి కాబట్టి 'నేమ్' బదులు 'నేమ్ ప్రిఫిక్స్' వాడండి, పేర్లు ఢీకొనవు. ఇన్‌స్టెన్స్ దగ్గర అలౌ మేజర్ వెర్షన్ అప్‌గ్రేడ్ ట్రూ ఉండాలి.

దానికి ముందు చేయాల్సినవి ఉన్నాయి. తాజా స్నాప్‌షాట్ నుంచి ఒక నకలు నిలబెట్టి, ఇదే అప్లైని దాని మీద నడిపి ఎంతసేపు పట్టిందో రాసుకోండి. లాజికల్ రెప్లికేషన్ స్లాట్లు, తెగని ప్రిపేర్డ్ ట్రాన్సాక్షన్లు ఉంటే అప్‌గ్రేడ్ ముందు తనిఖీలోనే ఆగిపోతుంది. కారణం ప్రీచెక్ లాగ్‌లో ఉంటుంది, టెర్రాఫామ్ తెర మీద వెతక్కండి. కొత్త గ్రూప్‌లో షేర్డ్ ప్రీలోడ్ లైబ్రరీస్ సహా మీరు మార్చుకున్న విలువలన్నీ వచ్చాయో లేదో చూసుకోండి.

15వ వెర్షన్ నుంచి ఆర్‌డీఎస్‌లో ఫోర్స్ ఎస్ఎస్ఎల్ (కనెక్షన్ ఎన్‌క్రిప్షన్‌ను తప్పనిసరి చేసే పారామీటర్) డిఫాల్ట్‌గా 1. ఎస్ఎస్ఎల్ లేకుండా కనెక్టయ్యే పాత సర్వీసు ఒక్కటున్నా, అప్‌గ్రేడ్ అవగానే 'పీజీ హెచ్‌బీఏ ఎంట్రీ లేదు, ఎన్‌క్రిప్షన్ లేదు' అనే అర్థం వచ్చే ఎర్రర్ ఇస్తుంది. చూసినవాళ్లు ఫైర్‌వాల్ తప్పనుకుని గంటలు పోగొట్టుకుంటారు. దాన్ని 0 చేయడం కంటే ఆ సర్వీసు కనెక్షన్ స్ట్రింగ్‌లో ఎస్ఎస్ఎల్ మోడ్ సరిదిద్దడమే మేలు.

అప్‌గ్రేడ్ ముగియగానే ప్రతి డేటాబేస్‌లోనూ ఎనలైజ్ నడపండి. 16కి వెళ్లేటప్పుడు పాత గణాంకాలు వెంట రావు. అవి లేక ప్లానర్ (క్వెరీని ఎలా నడపాలో నిర్ణయించే భాగం) గుడ్డిగా నడుస్తుంది, నిన్నటిదాకా క్షణంలో వచ్చిన క్వెరీ నిమిషాలు తీసుకుంటుంది. ఎక్స్‌టెన్షన్లను కూడా ఒక్కొక్కటిగా ఆల్టర్ ఎక్స్‌టెన్షన్ అప్‌డేట్‌తో పైకి తీసుకురావాలి.

ప్రశ్న: ముంబై రీజియన్‌లో ఉన్న డేటాబేస్‌కి హైదరాబాద్ రీజియన్‌లో ఒక రెప్లికా ఉంచాలని మా యాజమాన్యం అడిగింది. ఉన్న ఫైల్లోనే రీజియన్ మార్చి ఇంకో కాపీ పెడితే సరిపోతుందా?
(హైదరాబాద్)

జవాబు: సరిపోదు. ముంబై 2016 నుంచి ఉన్న రీజియన్, ఖాతా తెరవగానే అందుబాటులో ఉంటుంది. హైదరాబాద్ 2022 నవంబరులో వచ్చింది, ఖాతా సెట్టింగుల్లోకి వెళ్లి ముందుగా దాన్ని ఎనేబుల్ చేయాలి. లేకపోతే టెర్రాఫామ్ అథెంటికేషన్ ఎర్రర్ ఇస్తుంది, తాళం చెవులు తప్పేమో అనిపిస్తుంది. పారామీటర్ గ్రూప్, సబ్‌నెట్ గ్రూప్, కేఎంఎస్ కీ ఏవీ రీజియన్ దాటవు. మూడింటినీ హైదరాబాద్‌లో విడిగా సృష్టించాలి. పారామీటర్ల జాబితాను ఒకే మాడ్యూల్‌లో రాసి రెండు రీజియన్లకీ అదే వాడితే విలువలు పక్కదారి పట్టవు. రెప్లికేట్ సోర్స్ డీబీ దగ్గర ఉత్త పేరు కాక పూర్తి ఏఆర్‌ఎన్ (అమెజాన్‌లో ఆ డేటాబేస్ పూర్తి చిరునామా) ఇవ్వాలి. మీరు వాడుతున్న ఇన్‌స్టెన్స్ రకం అక్కడ దొరుకుతుందో లేదో ముందే చూసుకోండి.

ప్రశ్న: డేటాబేస్ లోపలి యూజర్లను, అనుమతులను కూడా టెర్రాఫామ్‌తోనే చేయొచ్చా? కొత్త టేబుల్ వచ్చినప్పుడల్లా రిపోర్టుల యూజర్‌కి 'పర్మిషన్ డినైడ్' వస్తోంది.
(తిరుపతి)

జవాబు: చేయొచ్చు, పోస్ట్‌గ్రెస్ ప్రొవైడర్ (టెర్రాఫామ్‌ను పోస్ట్‌గ్రెస్‌తో కలిపే ప్లగిన్) ఉంది. ఇన్‌స్టెన్స్ ఉన్న స్టేట్‌లో కలపకుండా వేరే స్టేట్‌లో పెట్టండి. ఒకే చోట ఉంటే డేటాబేస్ ఇంకా పుట్టకముందే ప్రొవైడర్ దానికి కనెక్ట్ కావాలని చూసి పడిపోవచ్చు. డేటాబేస్ ప్రైవేట్ సబ్‌నెట్‌లో ఉంటే పైప్‌లైన్ రన్నర్ కూడా అదే వీపీసీ (అమెజాన్‌లో మీ ప్రైవేట్ నెట్‌వర్క్)లో ఉండి 5432 పోర్ట్ అందాలి. పైప్‌లైన్ కోసం డేటాబేస్‌ను ఇంటర్నెట్‌కి తెరవడం మాత్రం వద్దు.

మీ రెండో సమస్య డిఫాల్ట్ ప్రివిలేజెస్ (కొత్త టేబుళ్లకి అనుమతులు ముందే నిర్ణయించే ఆదేశం)ది. ఆ ఆదేశం ఏ రోల్ పేరు మీద ఇచ్చారో ఆ రోల్ తయారుచేసే టేబుళ్లకే వర్తిస్తుంది. మీరు మాస్టర్ యూజర్‌గా ఇచ్చి ఉంటారు, టేబుళ్లను మైగ్రేషన్ యూజర్ తయారుచేస్తూ ఉంటాడు. ప్రొవైడర్‌లో డిఫాల్ట్ ప్రివిలేజెస్ రిసోర్స్ దగ్గర 'ఓనర్' అనే చోట మైగ్రేషన్ యూజర్ పేరు రాయండి. ఇది ఇకముందు వచ్చే టేబుళ్లకే. ఇప్పటికే ఉన్నవాటికి స్కీమాలోని టేబుళ్లన్నిటి మీద సెలెక్ట్ గ్రాంట్ ఒకసారి విడిగా ఇవ్వాలి, స్కీమా మీద యూసేజ్ కూడా ఉండాలి. తర్వాత మైగ్రేషన్ యూజర్‌తో ఒక ఖాళీ టేబుల్ తయారుచేసి, రిపోర్టుల యూజర్‌తో లాగిన్ అయి దాన్ని చదివి చూడండి.